పళ్లు వంకరగా రావడానికి, పైకింది వరుసలు సరిగా కలవకపోవడానికి కారణాలేమిటి?

దవడ చిన్నదై పళ్లు పెద్దవైతే చోటు చాలక అవి ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. ఈ పొంతన లేమి, కింది దవడ మరీ ముందుకో వెనక్కో పెరగడం చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేవే. అయితే మన ఇళ్లలో తేలిగ్గా తీసుకునే కారణం మరొకటి ఉంది: ఎలాగూ ఊడేవే కదా అని పుచ్చిన పాలపళ్లను పట్టించుకోకపోవడం. పాలపళ్లలోని దవడపళ్లు సాధారణంగా 10 నుంచి 12 ఏళ్ల వరకు ఉండి, లోపల తయారవుతున్న శాశ్వత దంతాలకు చోటు కాపాడతాయి. అవి ముందుగానే పోతే, సుమారు 6 ఏళ్ల ప్రాయంలో వాటి వెనక మొలిచిన శాశ్వత దవడపన్ను ముందుకు జరిగి ఆ ఖాళీని ఆక్రమిస్తుంది. శాశ్వత దంతాలు వచ్చే వయసులోనూ బొటనవేలు చీకే అలవాటు మానకపోతే పై ముందుపళ్లు ఎత్తుగా వస్తాయి. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు అనే మెత్తని కణజాలపు ముద్దలు పెరిగి, పిల్లలు ఏళ్ల తరబడి నోటితోనే గాలి పీల్చినప్పుడు పై దవడ ఇరుకుగా ఎదిగే అవకాశం ఉంది.