సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కే ముందు ఇది చదువుకో అల్లుడూ

ఒరే అల్లుడూ, నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నా. హైదరాబాద్ పోయి డైరెక్టర్ అవుతా, కృష్ణానగర్లో ఫ్రెండ్స్ రూం ఉంది, కథ రెడీగా ఉంది, ఎవరైనా ప్రొడ్యూసర్‌కి వినిపిస్తే చాలు అంటుండావు. పోవద్దని నేను చెప్పను. మీ అమ్మ నా చేత ఆ మాట చెప్పించాలని చూస్తా ఉంది గానీ, ఇన్నేళ్లు ఆ లైన్లోనే అన్నం తిన్నోణ్ణి, నేనెట్ట చెప్తా. నేననేదల్లా ఒకటే, ఉత్త కథ పట్టుకుని పోబాక, చేతిలో ఒక పని, తీసి పూర్తి చేసిన ఒక చిన్న సినిమా పెట్టుకుని పో.

ఎందుకంటే ఆడ కథలకి కొరత లేదు. కృష్ణానగర్, యూసఫ్‌గూడ, ఇందిరానగర్, ఏ టీకొట్టు కాడ నిలబడినా పక్కనోడి దగ్గర కూడా ఒక కథ ఉంటది, అది బాగానే ఉంటది కూడా. కొరత ఎవరికంటే, చెప్పిన పని తప్పు లేకుండా చేసే కుర్రోళ్లకి. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్లో చేరితే ముందు నీ చేతికొచ్చేది క్లాప్ బోర్డో కంటిన్యుటీ పుస్తకమో. కంటిన్యుటీ అంటే చిన్న పని అనుకుంటారు చాలామంది. సీన్లో ఆర్టిస్టు టీ గ్లాసు ఏ చేత్తో ఎత్తాడు, డైలాగులో ఏ మాట కాడ ఎత్తాడు, గ్లాసులో టీ ఎంతవరకు ఉంది, చొక్కా చెయ్యి మోచేతికి పైకి మడిచుందా కిందకా, వాచీ ఏ చేతికి, ఇదంతా నువ్వు రాసుకోవాల, ఫోటో తీసుకోవాల, ఎందుకంటే అదే సీన్లో క్లోజప్ మధ్యాహ్నం భోజనాల తర్వాత తీస్తారు, ఒక్కోసారి వారం తర్వాత వేరే సెట్లో తీస్తారు, అప్పటికి ఆర్టిస్టుకి గుర్తుండదు, డైరెక్టర్‌కి గుర్తుండదు, అందరూ నీ మొహమే చూస్తారు. ఆ పుస్తకం శ్రద్ధగా రాసినోడికి షాట్ ఎక్కడ కట్ అవుద్దో, నటుడు ఎందుకు ఆ మాట కాడే గ్లాసు ఎత్తాడో తెలుస్తది, డైరెక్షన్ అంటే సగం అదే. మన నెల్లూరు జిల్లా డైరెక్టర్ సింగీతం శ్రీనివాసరావు గారు మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి గారి దగ్గర అసిస్టెంట్‌గా చేసినోరే. 1987లో పుష్పక విమానం ఒక్క డైలాగ్ లేకుండా సినిమా మొత్తం నడిపించారంటే, ఏ వస్తువు ఎప్పుడు ఎవరి చేతిలో ఉండాలో అంత తెలిసినోరు కాబట్టి.

ఇప్పుడు నీ కథల సంగతి. నువ్వు వినిపించిన ఆ మాఫియా కథ పక్కన పెట్టు. దానికి కోట్లు కావాల, పైగా మాఫియాని నువ్వు యాడా చూళ్ళేదు. మొన్న మాటల మధ్యలో రొయ్యల చెరువు కాపలా ఆయన గురించి చెప్పావే, కరెంటు పోయిన రాత్రి, అది తియ్యి. నీకు అది మామూలు విషయం, ఊళ్లో అందరికీ తెలిసిందే అనుకుంటుండావు. హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసు తెల్లారగట్ల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతదని, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలొస్తదని, జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఒక్క రాత్రిలో పంట మొత్తం పోతదని? ఓనర్ ఊళ్లో నిద్రపోతా ఉంటాడు, ఫోన్ ఎత్తడు, కాపలా ఆయన ఒక్కడే టార్చి పట్టుకుని గట్టు మీద. పన్నెండు నిమిషాల సినిమాకి ఇంకేం కావాలరా. ఒక లొకేషన్, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి.

తీసేటప్పుడు ఫోన్‌తోనే తియ్యి, కెమెరా అద్దెకి డబ్బులు తగలబెట్టబాక. మాన్యువల్ కంట్రోల్ ఇచ్చే యాప్ వేసుకుని షటర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) దగ్గర లాక్ చెయ్యి, మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి మోటార్ షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద తీసినా ఫ్లికర్ రాదు, వెలుతురు మినుకుమనదు. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (బొమ్మలో రంగులు మారిపోకుండా ఉంచే సెట్టింగ్) కూడా లాక్ చేసుకో. బొమ్మ ఎట్టో వచ్చేస్తది, మనోళ్లు అందరూ దెబ్బతినేది సౌండ్ దగ్గర. ఏరేటర్ల మోత మామూలుగా ఉండదు, డైలాగ్ మొత్తం మింగేస్తది. కాలర్ మైకు పెట్టి ఇంకో ఫోన్లో రికార్డ్ చెయ్యి, టేక్ మొదట్లో క్లాప్ కొట్టు, తర్వాత కలుపుకోడానికి. ఏరేటర్ల మోత ఒక్కటే విడిగా రెండు నిమిషాలు, అవి ఆగిన తర్వాత ఆ నిశ్శబ్దం, కప్పల సౌండు, అది ఒక రెండు నిమిషాలు పట్టుకో, ఎవరూ మాట్లాడకుండా గమ్మున నిలబడి. ఎడిటింగ్‌లో షాట్ షాట్‌కి సౌండ్ మారిపోకుండా కింద పరుచుకునేది అదే. ఎడిటింగ్‌కి డావించి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ చాలు, కాస్త గట్టి కంప్యూటర్ కావాల, మీ కాలేజీ ఫ్రెండ్ దగ్గర ఉంది కదా అడుగు.

నటులకి మోడల్స్ కోసం ఎతకబాక. ఒంగోలు, కావలి, నెల్లూరు చుట్టుపక్కల పరిషత్తు నాటకాలు ఆడే పెద్దోళ్లు ఉండారు, మర్యాదగా ఇంటికి పోయి అడిగితే వస్తారు. ఈ జిల్లాల బలమే నాటకంరా. డైరెక్టర్ టి.కృష్ణ గారు, నటుడు మాదాల రంగారావు గారు కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి స్టేజీ మీద నుంచి సినిమాకి పోయినోళ్లే, సూళ్లూరుపేట దగ్గర పుట్టిన రచయిత ఆత్రేయ గారు నాటకాలతో పేరు తెచ్చుకున్నాకే సినిమాకి రాశారు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో కనిపించినోళ్లు చాలామంది ఆ ఊరి మామూలు మనుషులే, ఆ సినిమా చూసి జనం ఏడ్చారు.

కోర్సుల గురించి అడిగావు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, ఈ రెండూ కేంద్ర ప్రభుత్వానివి, ఎంట్రన్స్ రాసి సీటు వస్తే కళ్లు మూసుకుని చేరు. చెన్నై తరమణిలో తమిళనాడు ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మనకి హైదరాబాద్ కంటే చెన్నై దగ్గర కదా, ఒకసారి పోయి కనుక్కో. హైదరాబాద్‌లో అన్నపూర్ణ వాళ్ల కాలేజీ ఉంది, ప్రైవేటు, ఫీజు మీ నాన్న చూసుకోగలడా లేదా అన్నది ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, పొలం తాకట్టు పెట్టి మాత్రం చేరబాక. ఇంక మూడు నెలల్లో డైరెక్టర్‌ని చేస్తాం అనే బోర్డులు కనపడితే ఆ వీధిలోనే నడవబాక.

అవకాశం ఇస్తాం, ఫోటోషూట్‌కి ఇంత కట్టు, అసోసియేషన్ మెంబర్‌షిప్ కార్డుకి ఇంత కట్టు అని ఎవడైనా అడిగితే వాడు సినిమావాడు కాదు. పని చేసినోడికి డబ్బులు ఇస్తారు, పని చేయడానికి డబ్బులు తీసుకోరు. అసోసియేషన్ కార్డు సంగతి నేరుగా అసోసియేషన్ ఆఫీసుకే పోయి కనుక్కో, మధ్యలో మనిషి వద్దు. కథ కొట్టేస్తారని భయంగా ఉందన్నావు కదా, ఉత్త ఐడియాకి కాపీరైట్ చట్టంలో రక్షణ లేదు, సుప్రీంకోర్టు 1978లోనే ఆ మాట చెప్పింది, పేపర్ మీద నువ్వు రాసిన సీన్లకే కాపీరైట్. కాబట్టి పూర్తిగా రాసి, తేదీతో నీకు నువ్వే మెయిల్ చేసుకుని, రైటర్స్ అసోసియేషన్లో రిజిస్టర్ చేయించి, అప్పుడు వినిపించు. టీకొట్టు కాడ మాత్రం నోరు మెదపబాక.

సంక్రాంతి లోపల ఆ చెరువు సినిమా పూర్తి చెయ్యి, హార్డ్ డిస్కులో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకో. ఫస్ట్ కట్, అంటే మొదటిసారి ఎడిట్ చేసిన కాపీ, నాకు పంపు, మొహమాటం లేకుండా చెప్తా. ఆరు నెలల రూం అద్దె, తిండి ఖర్చు చేతిలో ఉన్నాకే టికెట్ తియ్యి, అసిస్టెంట్లకి మొదట్లో జీతం ఎప్పుడొస్తదో ఎవురికీ తెలవదు. నాతో పని చేసిన ఎడిటర్ ఒకాయన ఉండాడు, ఫిల్మ్‌నగర్లో రూం, నీ సినిమా చూపించి అసిస్టెంట్‌గా పెట్టుకోమని నేనే అడుగుతా, సినిమా పూర్తయితేనే. అమ్మతో ఆదివారం నేను మాట్లాడతా, ఈలోపల నువ్వు ఆమెతో గొడవ పడబాక.