ఎలుగుబంట్ల అడవిలో పిస్తోలు రక్షిస్తుందా?

ప్రశ్న: అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో విల్లంబులతో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్లబోతున్నాను. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి కనుక ఆత్మరక్షణకు పిస్తోలు చాలునా?

జవాబు: పిస్తోలు పనికిరాదని అనలేము. అయితే గంటకు దాదాపు 55 కిలోమీటర్ల వేగంతో పొదల్లోంచి దూసుకువచ్చే జంతువును, చేతులు వణుకుతుండగా, రెప్పపాటులో గురిచూసి ఆపడం ఆరితేరినవారికే కష్టం, పైగా .44 మాగ్నమ్ వంటి శక్తిమంతమైన పిస్తోలు తన్నే తన్నుకు రెండో గురి చెదిరిపోతుంది. మిరపఘాటుతో తయారయ్యే, ఎలుగుపై చిమ్మే బేర్ స్ప్రే మేఘంలా పరుచుకుంటుంది కనుక గురి కొంత తప్పినా పనిచేస్తుంది. 2008లో వెలువడిన అలాస్కా అధ్యయనంలో గోధుమరంగు ఎలుగుల (గ్రిజ్లీలు ఈ జాతివే) అవాంఛనీయ ప్రవర్తనను ఈ స్ప్రే 92 శాతం సందర్భాల్లో ఆపింది. ఎదురుగాలి వీస్తే మాత్రం మన కళ్లే మండుతాయి.

నా సలహా మొదట స్ప్రే, కావాలంటే తోడుగా పిస్తోలు. అసలు ప్రమాదం వేట ముగిశాకే: పడిన ఎల్క్‌పై వంగి, మోచేతుల దాకా నెత్తురుతో మాంసం కోస్తున్నప్పుడు, చెట్టుకు తగిలించిన సంచిలోని ఆయుధం ఏదైనా ఒకటే, అందదు. అది ఛాతీకో నడుముకో కట్టి ఉండాలి. అక్కడి గ్రిజ్లీలకు 1975 నుండి అమెరికా సమాఖ్య (కేంద్ర) చట్ట రక్షణ ఉన్నందున, ప్రాణరక్షణకు కాల్చినా అధికారులకు వెంటనే తెలపాలి.