కొట్టు పెట్టబోయే డాక్టరు అల్లుడికి

చిరంజీవి చిన్నాకి, మామయ్య ఆశీస్సులు.

క్లినిక్ మానేసి సరుకుల కొట్టు పెడతానని నువ్వు చెప్పిన రోజు నుంచి మీ అమ్మకి నిద్ర లేదు. పొద్దున్నే నాకు ఫోన్, "అన్నయ్యా, నువ్వైనా చెప్పు వాడికి" అని. మానెయ్యమని నేను చెప్పను. నువ్వుంటున్న సియాటిల్‌ని మొదట్లో నిలబెట్టిన వాళ్ళలో ఒకాయన సరిగ్గా ఈ పనే చేశాడు. ఆయన సంగతి తెలుసుకుని అప్పుడు దిగు.

పేరు డేవిడ్ మేనార్డ్. అందరూ డాక్ మేనార్డ్ అనేవారు. 1808లో వెర్మాంట్‌లో పుట్టాడు, ఒహాయోలో వైద్యం చేశాడు, అక్కడ చితికిపోయాడు. 1850లో భార్యాపిల్లల్ని వదిలేసి పడమటికి బయల్దేరాడు. ఆ ఏడు పడమటికి వలసబళ్ళు వెళ్ళే ఆరెగాన్ దారిలో కలరా. ఆయన బళ్ళ వెంట వైద్యం చేసుకుంటూ నడిచాడు. కలరాకి భర్తని పోగొట్టుకున్న కేథరిన్ అనే ఆవిడ బండికి తోడుండి, ఆమెని ప్యూజెట్ సౌండ్ దాకా, అంటే ఇప్పటి సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ దాకా, వాళ్ళన్నగారి ఊరికి చేర్చాడు. తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య మాట కాసేపాగి చెబుతాను, అసలు తిరకాసు అక్కడే ఉంది.

వచ్చీరాగానే కొట్టు తెరవలేదాయన. గొడ్డలి పట్టుకుని కట్టెలు కొట్టాడు. ఇక్కడ అడవికి కొదవ లేదు, బంగారం కోసం జనం ఎగబడ్డ శాన్ ఫ్రాన్సిస్కోలో కట్టెలకి గిరాకీ. ఓడలో తీసుకెళ్ళి అమ్మి, ఆ డబ్బుతో సరుకు కొనుక్కొచ్చాడు. నాకు ఆయనలో బాగా నచ్చింది ఇదే. నువ్వు మొన్న చెప్పిన లెక్కలో మొదటి లైనే బ్యాంకు లోను. ముందు ఒక్క సరుకు, నీ సొంత డబ్బుతో, ఆర్నెల్లు అమ్మి చూడు.

అక్కడే ఒలింపియా అనే ఊళ్ళో కొట్టు పెట్టి మిగతా వాళ్ళకంటే బాగా చవగ్గా అమ్మాడు. సాటి వ్యాపారులకి కంటగింపు అయ్యాడు. అదే సమయానికి డువామిష్, సుక్వామిష్ అనే స్థానిక తెగల నాయకుడు చీఫ్ సియాటిల్, "మా వైపు వచ్చి పెట్టుకో" అన్నాడు. 1852 వసంతంలో ఇద్దరూ కలిసి ఇప్పటి పయనీర్ స్క్వేర్ ఉన్న చోటికి వచ్చారు. అప్పుడది డువాంప్స్, పట్టుమని పది ఇళ్ళు లేవు. ఊరికి ఆ నాయకుడి పేరు పెడదామని పట్టుబట్టింది మేనార్డే. కొట్టుకీ సియాటిల్ ఎక్స్ఛేంజ్ అని పెట్టుకున్నాడు.

ఇక సాల్మన్ సంగతి. చేపలు పుష్కలం, మనుషులు చవక. చేపలకి ఉప్పు పట్టించి, పీపాలకి పీపాలు నింపి శాన్ ఫ్రాన్సిస్కోకి ఎక్కించాడు. దారిలోనే చెడిపోయాయి. మీ అమ్మమ్మని అడిగితే చెప్పేది, ఆవకాయలో ఉప్పు ఒక గుప్పెడు తగ్గితే జాడీ మొత్తం ఏమవుతుందో. డాక్టర్లం మనకి ఒక జబ్బు ఉందిరా: ఒక విద్య వచ్చింది కాబట్టి అన్నీ వచ్చేస్తాయనుకుంటాం. నువ్వు కూరగాయలు, పాలు, పెరుగు అంటున్నావు. పాడయ్యే సరుకు అది. ముందు వేరే వాళ్ళ కొట్లో మూడు నెలలు పొద్దున ఐదింటికి వెళ్ళి లారీ దింపించు. సిగ్గుపడకు.

అరువు గురించి చెప్పాలి, ఇక్కడ నా కథ కూడా కలుస్తుంది. మేనార్డ్ ఫీజు గట్టిగా అడిగిన మనిషి కాదు. కొట్లోనూ అదే ధోరణి. స్థలాలు కారుచౌకగా ఇచ్చేవాడు, కమ్మరి కావాలి, మిల్లు కావాలి, ఊరు పెరగాలి అని. హెన్రీ యెస్లర్ ఆవిరి రంపపు మిల్లు పెడతానంటే తన హద్దు జరుపుకుని చోటిచ్చాడు. ఆ మిల్లుతో ఊరు నిలబడింది, మేనార్డ్ మాత్రం డబ్బున్నవాడు కాలేదు. ఆయన నష్టపోయాడని నేననను. ఆయనకి కావలసింది ఊరు, అది దొరికింది. నీకు ఏం కావాలో ముందే తేల్చుకో. ఇరవై ఏళ్ళ కింద నేను ఒక స్నేహితుడితో కలిసి కొట్లో డబ్బు పెట్టాను కదా. వచ్చినవాళ్ళంతా తెలిసినవాళ్ళే, "రాసుకోండి డాక్టరుగారూ" అనేవాళ్ళు. రాసుకున్నాం. ఆ నోటుబుక్కు ఇంకా అటక మీద ఉంది, మీ అత్తయ్య పారెయ్యనివ్వదు. పేషెంటు దగ్గర వదులుకునే ఫీజు నీది. కొట్లో వదులుకునేది సరుకు పంపినవాడి డబ్బు.

ఇప్పుడు మొదటి భార్య. అప్పటి చట్టం ప్రకారం ఇటు వచ్చి స్థిరపడ్డ పెళ్ళైనవాడికి ప్రభుత్వం ఇచ్చే భూమి 640 ఎకరాలు, సగం భార్య పేరున. అప్పుడీ ప్రాంతం ఆరెగాన్ కిందే ఉండేది, మేనార్డ్ 1852లో ఆ శాసనసభ చేత విడాకులు ఇప్పించుకుని, మరుసటి ఏడు కేథరిన్‌ని చేసుకున్నాడు. మరి ఆ సగం ఏ భార్యది? ఏళ్ళ తరబడి నలిగింది. మొదటామె లిడియా సాక్ష్యానికని 1872లో వచ్చి వీళ్ళింట్లోనే దిగింది. ఆ ముగ్గురూ ఒకే కంచం చుట్టూ ఏం మాట్లాడుకున్నారో! చివరికి ఆ సగం ఇద్దరికీ దక్కలేదు. నీ పార్ట్‌నర్లు చిన్ననాటి స్నేహితులే, సరే. అయినా వాటా ఎంత, ఎవరైనా తప్పుకుంటే ఎంత, ఎవరైనా పోతే భార్యకెంత అన్నది లాయరు దగ్గర రాయించు. కోడలి సంతకం కూడా ఉండాలి.

వాణిజ్యం, వ్యవసాయం, అన్నీ అయ్యాక 1863లో మేనార్డ్ మళ్ళీ మందుల సంచి తీసి కేథరిన్‌తో కలిసి ఆసుపత్రి పెట్టాడు. స్థానిక తెగల వాళ్ళకీ తెల్లవాళ్ళకీ ఒకే చోట వైద్యం చేసేవాడు, అది గిట్టక రానివాళ్ళూ ఉన్నారు. 1873లో పోయాడు. నీ లైసెన్సు రెన్యూవల్ మాత్రం ఆపకు, వారంలో ఒక్క రోజైనా పేషెంట్లని చూడు.

ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు ఆ పార్ట్‌నర్‌షిప్ కాగితాలు పట్టుకురా. కొత్త కళ్ళజోడు వచ్చింది, చిన్న అక్షరాలు కూడా చదవగలను.

మీ మామయ్య