ఆ బుడగ దేన్ని తోస్తోంది?

చిరంజీవి మేనకోడలికి అనంతపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

ఆదోని దగ్గర హైస్కూల్లో టీచరుగా చేరి వారం తిరగకముందే తొమ్మిదో తరగతికి బుడగ రాకెట్ చేసి చూపాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అదే, బిగించిన దారానికి స్ట్రా ఎక్కించి, దానికి ఊదిన బుడగ అంటించి వదిలేది. మంచి పనే. కానీ నేను మొదటిసారి చేసినప్పుడు బుడగ సగం దూరం పోయి, దారం చుట్టూ గిర్రున తిరిగి తుస్సుమంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. పాఠం ఒక్కరికీ అందలేదు. ఆ నవ్వు నీకు తప్పాలనే ఈ ఉత్తరం.

ఆదోనిలో పత్తికి కొదవ లేదు గానీ నూలు దారం మాత్రం వద్దు. దాని పీచు స్ట్రా లోపల పట్టేస్తుంది. చేపల గాలానికి వాడే నైలాన్ దారం తెచ్చుకో. ఒక కొస కిటికీ ఊచకు, ఇంకో కొస ఎదుటి గోడ మేకుకు కట్టు. నేనేం చేశానో తెలుసా? రెండు కొసలూ బిగించి కట్టాక చూసుకుంటే స్ట్రా నా చేతిలోనే ఉంది! విప్పి మళ్లీ కట్టేసరికి సగం పీరియడ్ పోయింది, దారమూ సడలింది.

బుడగను ఊదిన తరువాతే స్ట్రాకు టేపుతో అంటించాలి. ముందే అంటిస్తే రబ్బరు సాగేటప్పుడు టేపు లేచిపోతుంది. మూతికి ముడి వేయకు, బట్టల క్లిప్పు పెట్టు. ఆ మూతి దారం వెంబడి నేరుగా వెనక్కి చూడాలి. కాస్త పక్కకు తిరిగినా నాకు పట్టిన గతే పడుతుంది. ఫ్యాను ఆపు, కిటికీలు మూయి. మన సీమలో ఆషాఢం గాలి సంగతి నీకు చెప్పాలా? అంగట్లో మన ఎండలకు మగ్గిన పాత బుడగలైతే ఊదుతుండగానే పగులుతాయి. డజను కొను.

ఇక అసలు విషయం. క్లిప్పు తీసే ముందే న్యూటన్ మూడో గమన నియమాన్ని, అంటే ప్రతి చర్యకూ సమానమైన వ్యతిరేక చర్య ఉంటుందన్నదాన్ని, బోర్డు మీద రాసేయకు. ‘ఇది ముందుకెలా పోతుంది?’ అని అడుగు. ‘లోపలి గాలి వచ్చి వెనకున్న గాలిని తోస్తుంది, అందుకే’ అంటారు సగం మంది. తప్పని కసరకు. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయమే ఆ పొరపాటు చేసింది. తోయడానికి ఏమీ లేని శూన్యంలో రాకెట్ ఎలా పనిచేస్తుందంటూ రాకెట్ల శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎద్దేవా చేసింది. అపోలో 11 చంద్రుడి వైపు బయలుదేరిన మరునాడు, 1969 జూలై 17న, ఆ తప్పు ఒప్పుకుంది. ఈ కథ చెబితే తప్పు చెప్పిన పిల్లవాడు తలెత్తుకుని కూర్చుంటాడు.

బుడగ తోసేది తన లోపలి గాలినే. సాగిన రబ్బరు గాలిని వెనక్కి నెడుతుంది, ఆ గాలి బుడగను ముందుకు నెడుతుంది. ‘గాలికి బరువేముంది సార్?’ అని నన్నొకడు అడిగాడు. లెక్క వేయించు. 25 సెంటీమీటర్ల వ్యాసమున్న బుడగలో 8 లీటర్ల గాలి పడుతుంది, దాని బరువు సుమారు 9, 10 గ్రాములు. ఖాళీ బుడగ మూడు గ్రాములు తూగితే గొప్ప. అంటే బయటికి పోయేదే ఎక్కువ బరువు!

అప్పటికీ నమ్మకపోతే, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఒకటి అడిగి తెచ్చుకో. నున్నటి గచ్చు మీద అందులో నువ్వే కూర్చుని, కాళ్లు పైకెత్తి, పుస్తకాలు నిండిన సంచీని ముందుకు విసురు. సంచీ ఇంకా గాలిలో ఉండగానే కుర్చీ వెనక్కి జరుగుతూ ఉంటుంది. అది ఏ గోడనూ తోయలేదని పిల్లలే చెబుతారు. పిల్లలను మాత్రం ఎక్కించకు, పడతారు.

సగం ఊదితే ఎంత దూరం, నిండా ఊదితే ఎంత దూరం అన్నది వాళ్లకే వదిలేయి. టేపు పట్టుకుని కొలుచుకుంటారు.

ముందురోజు సాయంత్రం ఖాళీ గదిలో ఒకసారి చేసి చూసుకో. దారం కట్టే ముందు స్ట్రా ఎక్కించావో లేదో చూసుకోవడం మరవకు.

ఇట్లు,
మీ మామయ్య