ఈ మధ్య నా టర్న్‌టేబుల్ దిగని రికార్డులు

ఫోన్‌లో అన్నీ దొరుకుతుంటే ఇంకా గ్రామఫోన్ రికార్డులు కొనేవాళ్లున్నారా, ఉంటే ఈ మధ్య ఏం వింటున్నారు, వాటిని వినడానికి ఏం కావాలి అని మీలో ఒకరు అడిగారు. ఉన్నామండీ. కానీ సినిమా పాటల కోసమే ఈ దారికి వద్దామనుకుంటుంటే మాత్రం ఆగమంటాను. మాయాబజార్, మల్లీశ్వరి పాటలు ఫోన్‌లో శుభ్రంగా వినిపిస్తాయి. వాటి పాత రికార్డులకు వ్యాపారులు చెప్పే ధరలు వింటే గుండె గుభేలుమంటుంది. అదే గుట్టలో, అదే దుమ్ములో ఎవరూ ముట్టుకోని పద్యాల ప్లేట్లు, లలితగీతాలు, వీణ, నాదస్వరం ఎల్‌పీలు (ఎక్కువసేపు ఆడే వినైల్ రికార్డులు) పడుంటాయి. బేరమాడితే టిఫిన్ ఖర్చుకు వచ్చేస్తాయి. నేను ఎక్కువగా వినేవి అవే. అందుకని ఇది కాస్త పక్షపాతం ఉన్న జవాబు అనుకోండి.

ఈ మధ్య అన్నిటికంటే ఎక్కువగా తిరుగుతున్నది ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పద్యాలు. తెలుగు మీడియంలో చదువుకున్న మా తరంలో వీటిలో ఒక్క పద్యమైనా నోటికి రానివాళ్లు తక్కువ. నా దగ్గరున్నది 78 ఆర్‌పీఎం ప్లేటు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డు, పది అంగుళాలది. వైపుకు మూడు నిమిషాల చిల్లర పడుతుంది కాబట్టి రెండు వైపులకూ పంచారు. ఫోన్‌లో అయితే ఏకబిగిన సాగిపోతుంది. ఇక్కడ పూజకు పూలు కోయబోయినవాణ్ణి ఆ పూలే నిలదీస్తుంటే, సరిగ్గా మధ్యలో ముల్లు చివరి గాడిలోకి వచ్చి గర్‌గర్‌మంటుంది. లేచి వెళ్లి ఆర్మ్ ఎత్తి, ప్లేటు తిరగేసి మళ్లీ పెట్టాలి. చిరాకే, కాదనను.

కానీ ఈ మూడు నిమిషాల కొలత తెలిశాక ఆ పాటను వినే తీరు మారిపోతుంది. పాదం చివర ఘంటసాల రాగం అందుకోబోతారు, ఇంకొకరైతే అక్కడ నాలుగు సంగతులు వేసేవాళ్లు (అదే పాదాన్ని తిప్పి తిప్పి రకరకాలుగా పాడేవాళ్లు), ఆయన చటుక్కున మాటలోకి వచ్చేస్తారు. పద్యాలు, మధ్యలో ఆయన చెప్పే వచనం, వెనక వాద్యాలు, అన్నీ ఆ నిడివిలో ఇమడాలి. ఎక్కడా హడావిడి పడ్డట్టు ఉండదు, ఒక్క అక్షరం మింగినట్టూ ఉండదు. ఘంటసాల బాణీ అని మనం మురిసిపోయే ఆ పొదుపులో ఆయన అభిరుచి ఎంతుందో ప్లేటు నిడివి కూడా అంతే ఉందని నా లెక్క. ఒప్పుకోనివాళ్లు ఉంటారు, నాకు తెలుసు.

ఒప్పుకోనివాళ్లు దీని పక్కన ఈలపాట రఘురామయ్య గారి పద్యాల ప్లేటు ఒకటి వేసి చూడండి. నా దగ్గరున్నదాని లేబుల్ సగం చిరిగిపోయింది. కల్యాణం రఘురామయ్య అనే ఆయన అసలు పేరు, పక్కన హార్మోనియం అన్న మాట మాత్రం చదవగలం. స్టేజీ మీద కృష్ణుడిగా ఆయన పడక సీనులో పద్యం ఎత్తుకుంటే ఎప్పుడు దించుతారో హార్మోనియం ఆయనకు కూడా తెలిసేది కాదట. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటినుంచి. నోట్లో వేలు పెట్టుకుని ఈల మీద రాగం పలికించేవారు, ఆ పేరు అలా వచ్చిందే. అంతటి మనిషిని తెచ్చి మూడు నిమిషాల్లో కానిచ్చేయండి అంటే ఏమవుతుంది? ఈ ప్లేటులో అదే వినిపిస్తుంది. మొదటి పద్యం మహారాజులా మొదలవుతుంది, రాగం నింపాదిగా విప్పుతారు. రెండో పద్యానికి వచ్చేసరికి ఎవరో అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపుతున్నట్టు వేగం పెరుగుతుంది. చివరి పాదం పూర్తయ్యీ కాకముందే రికార్డు అయిపోతుంది. నాకు ఆ తొందర కూడా ఇష్టమే. నాటక పద్యం అంటే పెడబొబ్బలు అనుకునేవాళ్లకు ముందు ఇలాంటి ప్లేటు వినిపించాలి. గొంతు పెద్దదే కానీ శ్రుతి ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకు పోదు. మైకులు లేని పందిళ్లలో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి వినపడేలా సాధన చేసిన గొంతు మరి.

ఈ ప్లేటును వెలుతురులో అటూఇటూ వంచి చూస్తే మధ్య రంధ్రం చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి. ఎవరో చీకట్లోనో తొందరలోనో కడ్డీకి రంధ్రం అందక లేబుల్ మీద ప్లేటును జరిపి జరిపి పెట్టిన గుర్తులు అవి. గీతలు ఎక్కువుంటే ప్లేటు బాగా ఆడిందన్నమాట. కొనేటప్పుడు నేను మొదట చూసేది అదే. రెండోది గాళ్ల రంగు. నల్లగా నిగనిగలాడాల్సిన చోట బూడిద రంగు తిరిగితే ఉక్కు ముళ్లు దాన్ని తినేశాయని అర్థం. 78లు లక్కతో చేసేవాళ్లు. మన అడవుల్లో చెట్లకు పట్టే లక్క పురుగు నుంచి వచ్చేదే. అందులో రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చు గుద్దేవాళ్లు. ఆ రాతిపొడికి ఉక్కు ముల్లు అరిగి, గాడికి సరిపోయే ఆకారానికి వచ్చేది. వైపుకో కొత్త ముల్లు వెయ్యమని చెప్పింది అందుకే. అయితే ముళ్లు డబ్బు పెట్టి కొనాలి కదా, మన ఇళ్లలో ఒకే ముల్లుతో పెళ్లిళ్లు కూడా కానిచ్చేశారు. ఆ ఫలితమే ఇప్పుడు మనం వినే చరచర. 1928లో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో పెట్టిన గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ నుంచి తెలుగు ఊళ్లకు ఇలాంటి ప్లేట్లు ఎన్ని వచ్చాయో, రైల్లోనూ ఎడ్లబండ్లలోనూ ఎన్ని పగిలాయో!

నాటక పద్యం వినీ వినీ చెవులు అలిసిపోయినప్పుడు సాలూరి రాజేశ్వరరావు లలితగీతాలు వేస్తాను. సినిమావి కావు, ఆయన స్వయంగా పాడి ప్రైవేటు రికార్డులుగా ఇచ్చినవి. ‘చల్లగాలిలో యమునా తటిపై’, ‘పాట పాడుమా కృష్ణా’, రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడిన ‘కోపమేల రాధా’. ఇవి వింటున్నంతసేపూ నాకు ఒకే ఆశ్చర్యం. ఈయన అసలు గొంతే ఎత్తడు. పక్కన కూర్చున్న ఒక్కరికి చెబుతున్నట్టు పాడతాడు. 1925 తర్వాత మైకుతో, కరెంటుతో రికార్డు చేయడం వచ్చింది. అంతకుముందు బూరలోకి అరిస్తే తప్ప మైనం మీద గీత పడేది కాదు. మైకు వచ్చాక కూడా మన స్టేజీ గాయకులు చాలామంది పాత అలవాటులోనే ఉండిపోయారు. మైకు ముందు గొంతు తగ్గించి పాడొచ్చని తెలుగులో అంత అందంగా చూపించినవాళ్లలో రాజేశ్వరరావు ముందు వరసలో ఉంటారు. బాలసరస్వతి గారి గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ యుగళగీతంలో ఆవిడ అలక నిజమైనదే అనిపిస్తుంది. రఘురామయ్య గారి ప్లేటు వెనకాలే ఇది వేస్తే, రెండూ ఒకే భాషలో, దాదాపు ఒకే కాలంలో పుట్టాయంటే నమ్మబుద్ధి కాదు.

ఇక ఒక విచిత్రమైన సమస్య. ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ నాకు చాలా ఇష్టం. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయిన తర్వాత విడుదలైంది. కానీ దాన్ని ఇంట్లో వేసే స్వేచ్ఛ లేదు. కవరు తియ్యగానే మా అమ్మ వంటింట్లోంచి, ‘‘అది ఇప్పుడెందుకురా, సుప్రభాతం పెట్టుకో’’ అంటుంది. ఒక ఆదివారం కాస్త సౌండు పెంచి వింటుంటే కింది ఫ్లాట్ బాబాయి గారు పైకొచ్చి, గుమ్మంలోనే నిలబడి, గొంతు తగ్గించి, ‘‘అంతా బానే ఉన్నారు కదమ్మా?’’ అని అమ్మని అడిగారు. వైకుంఠ రథాల మీద వేసి వేసి ఆ గొంతుకు ఆ గతి పట్టించాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి పాటలా వినండి. శ్లోకం భావం మారేకొద్దీ రాగం మారుతుంది. ఆ వెంటనే తాత్పర్యం చెప్పేటప్పుడు గొంతులో సంగీతం పూర్తిగా తీసేసి మామూలు మనిషిలా మాట్లాడతారు. అప్పటికే ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న మనిషి. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో మంచి ప్లేయర్ మీద స్పష్టంగా తెలుస్తుంది.

వాద్యాల్లో చిట్టిబాబు వీణ. 1936లో కాకినాడలో పుట్టారు, ఈమని శంకరశాస్త్రి గారి శిష్యుడు. ఆయన సొంత రచన ‘కొమ్మలో కోయిల’ చాలామంది రేడియోలో వినే ఉంటారు. ఎల్‌పీ మీద అదనంగా దక్కేది మెట్ల మీద వేలు జారే సన్నని చప్పుడు. తీగను పక్కకు లాగి కోయిల కూత తెప్పించేటప్పుడు ముందు ఆ రాపిడి, తర్వాత స్వరం. శాస్త్రీయం తెలిసిన మా మావయ్య ఇది గారడీ అని కొట్టిపారేస్తాడు. గారడీ అయితే మాత్రం ఏం, అంత శ్రుతిలో గారడీ చేసేవాళ్లు ఎందరున్నారు?

షేక్ చినమౌలానా నాదస్వరం గురించి కూడా చెప్పాలి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1977లో పద్మశ్రీ ఇచ్చారు. నాదస్వరాన్ని పెళ్లిలో తప్ప వినని మనకి, తాళి కట్టే గట్టిమేళం తప్ప దానికి వేరే బతుకుందని తెలియదు. ఆయన ఆలాపన వినాలి. అయితే ఒక సాంకేతికమైన చిక్కుంది. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది, బయటి అంచులోనైనా లేబుల్ దగ్గరైనా. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి గాడి చుట్టుకొలత బయటి అంచులో సగం కూడా ఉండదు. అదే ధ్వనిని ఇరుకులో కుక్కాలి. వీణ ఎలాగో సర్దుకుంటుంది కానీ నాదస్వరం లాంటి పదునైన గొంతు ఆఖరి కీర్తనలో బరబరలాడుతుంది. ముల్లు కొత్తది వేస్తే చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి రికార్డుల్లో సుప్రభాతం అందరింటా ఉన్నదే. నేను వెతికి పూర్తి చేసుకున్నది టీటీడీ పూనికతో వచ్చిన బాలాజీ పంచరత్నమాల, ఐదు ఎల్‌పీలు. అందులో బౌళి రాగంలో ‘శ్రీమన్నారాయణ’ ఒక్కటి చాలు. ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే.

వినడానికి ఏం కావాలన్నది మీ ప్రశ్నలో రెండో సగం. ఎల్‌పీలకే పరిమితమైతే ఏ మామూలు బెల్ట్ డ్రైవ్ (బెల్టుతో తిరిగే) టర్న్‌టేబులైనా సరిపోతుంది. సూట్‌కేసు ఆకారంలో వచ్చే ముచ్చటైన ప్లేయర్లు మాత్రం వద్దు. వాటిలో చాలావాటి ముల్లు బరువెక్కువ, రికార్డును అరగదీస్తుంది. పద్యాల ప్లేట్లు కావాలంటే 78 వేగం ఉన్నది తీసుకోండి. ఆడియో టెక్నికా కంపెనీ టర్న్‌టేబుళ్లలో ఎల్‌పీ120 అనే మోడల్‌లో ఉంది, ఎల్‌పీ60లో లేదు. వేగం ఒక్కటే చాలదు, ముల్లు కూడా వేరే. 78 గాడి వెడల్పు. దానికి మూడు మిల్ ముల్లు కావాలి (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు). ఎల్‌పీ ముల్లు అందులో సగం మందం కూడా ఉండదు, గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. అలా విని ‘పాత రికార్డులు ఇంతేలే’ అని వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

కడగడం గురించి ఒక్క హెచ్చరిక. వినైల్ ఎల్‌పీలకు ఆల్కహాల్ కలిపిన ద్రావకం వాడమని వీడియోల్లో చెబుతారు. అది 78 మీద పొయ్యకండి, లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. లేబుల్ తడవనివ్వొద్దు. కోస్తా ఊళ్ల నుంచి వచ్చిన వాటికి తెల్లటి బూజు ఉంటుంది. చూసి భయపడకండి, కడిగితే చాలావరకు పోతుంది. నిలువుగా పెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చితే ఎల్‌పీలు వంగుతాయి, 78లు చిట్లుతాయి.

హైదరాబాద్‌లో ఉంటే ఆబిడ్స్ ఆదివారం బజారులో పుస్తకాల మధ్య అప్పుడప్పుడు తగులుతాయి. పొద్దున్నే వెళ్లాలి. పద్యాలు కావాలని ముందే అనకండి, ధర పెరుగుతుంది. హిందీ ఎల్‌పీలు నాలుగు తిరగేసి, చివర్లో ‘ఇవి కూడా ఇచ్చెయ్యి’ అన్నట్టు అడగండి.

నాకు ఇంకా దొరకంది ఘంటసాలదే ‘కుంతీకుమారి’. ఒకసారి చేతిదాకా వచ్చింది కానీ అంచు నుంచి లేబుల్ దాకా పగులు. మీలో ఎవరి దగ్గరైనా రెండోది ఉంటే చెప్పండి, బదులుగా ఇవ్వడానికి నా దగ్గర సినిమా పాటలవి బోలెడున్నాయి.