గ్లాసుల మీద పొర సంగతి తర్వాత, ముందు బాబును చూపించండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా వయసు 54. పోయిన దీపావళికి మా అబ్బాయి డిష్‌వాషర్ కొనిచ్చాడు. ఇన్నాళ్లూ ట్యాబ్లెట్లు వాడాం. ఖర్చు ఎక్కువవుతోందని నెల కింద ఆన్‌లైన్‌లో కిలో పౌడర్ తెప్పించి, ఖాళీ హార్లిక్స్ సీసాలో పోసి వాడుతున్నాం. అప్పటి నుంచి గ్లాసుల మీద తెల్లటి పొర మిగులుతోంది. అది కడుపులోకి పోతే కిడ్నీలు పాడవుతాయా? మా బోరు నీళ్లలోని ఫ్లోరైడే అలా పేరుకుంటోందా? మిషన్‌లో పట్టని గంజులను అదే పౌడర్‌తో చేత్తో తోముతుంటే వేళ్ల సందులు పగిలి దురద పెడుతున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తున్నా. 12 రోజుల కింద మా మనవడు (ఏడాదిన్నర) ఆ పౌడర్ కొంచెం నోట్లో పెట్టుకున్నాడు. నిమ్మరసం తాగించి, కోడలు గొంతులో వేలు పెట్టి కక్కించింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. పళ్లొస్తున్నాయేమో, అన్నం తినడం లేదు కానీ పాలు తాగుతున్నాడు. పొర పోయే మార్గం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు పొర గురించి అడిగారు. నేను మాత్రం మీ ఉత్తరం చివర్లోనే ఆగిపోయాను. బాబు పాలు తాగుతున్నాడు, అన్నం తినడం లేదు. పౌడర్ నోట్లో పెట్టుకుని 12 రోజులైంది. పళ్ల వల్లే కావచ్చు, కాకపోవచ్చు కూడా. బాబును చూడకుండా నేను తేల్చి చెప్పలేను. మీరు కూడా ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. రేపు పొద్దున్నే పిల్లల డాక్టర్‌కు చూపించండి. నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతున్నా, పాలు కూడా వద్దంటున్నా, వాంతులవుతున్నా, ఊపిరి తీసేటప్పుడు గురక లాంటి శబ్దం వస్తున్నా రేపటిదాకా ఆగకండి. ఇప్పుడే 108కి ఫోన్ చేయండి.

గిన్నెలు తోమే మామూలు సబ్బులాంటిదే ఇదీ అనుకుంటారు చాలామంది. కాదు. మిషన్‌లో చెయ్యి పెట్టి రుద్దేవాళ్లుండరు కాబట్టి ఆ పని రసాయనమే చేయాలి. అందుకే వాషింగ్ సోడా, సిలికేట్లు, బ్లీచింగ్ చేసే పెర్‌కార్బొనేట్, మాంసకృత్తులనూ పిండినీ విరగ్గొట్టే ఎంజైములు కలుపుతారు. ఇది బాగా ఘాటైన క్షారం. యాసిడ్ పడినచోట కణజాలం కాలి గట్టిపడుతుంది. క్షారం అలా కాదు, కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. నాలుక మీద పుండు లేదని అన్నవాహిక కూడా బాగుందనుకోకూడదు. నోరు శుభ్రంగా ఉండి, లోపల కాలిన పిల్లలు ఉంటారు.

చాలామంది పిల్లలకు ఒకసారి నాలుకకు తగిలినంత మాత్రాన పెద్దగా ఏమీ కాదు. చేదుగా మంటగా ఉంటుంది కాబట్టి వెంటనే ఉమ్మేస్తారు. మీ బాబుకూ అంతే అయి ఉండాలని కోరుకుంటున్నా. కానీ లోపల కాలి ఉంటే, ఆ పుండు మానేటప్పుడు అన్నవాహిక ముడుచుకుపోతుంది. ఎక్కువగా 3 నుంచి 8 వారాల మధ్య ఈ ముడుచుకోవడం బయటపడుతుంది. మధ్యలో కొన్ని రోజులు పిల్లవాడు బాగానే కనిపిస్తాడు. ఇంట్లోవాళ్లు మోసపోయేది అప్పుడే.

దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి రెండేళ్ల పాపను ఎత్తుకుని వచ్చింది. నీళ్ల బాటిల్‌లో కలిపి పెట్టిన వాషింగ్ సోడా నీళ్లు పాప ఒక గుటక మింగి అప్పటికి 40 రోజులు. నా ముందే ఆ తల్లి పెరుగన్నం మెత్తగా పిసికి, వేలి కొసన అంటించి పెట్టింది. పాప నోట్లోనే ఉంచుకుంది, ఉంచుకుంది, కాసేపటికి తల్లి చీర మీదే ఉమ్మేసింది. ఆకలితో మళ్లీ నోరు తెరిచింది. తర్వాత హైదరాబాద్‌లో ఎండోస్కోపీ చేసి ఆ దారిని వెడల్పు చేయించారు. ఒక్కసారి కాదు, చాలాసార్లు. మొదటి రోజే తెచ్చి ఉంటే పాపను ముందునుంచీ కనిపెట్టుకుని ఉండేవాళ్లం. నల్గొండ నుంచి హైదరాబాద్ 100 కిలోమీటర్లే కదమ్మా. దూరం వల్ల కాదు, 'తగ్గిపోతుందిలే' అనుకోవడం వల్లే ఆలస్యమవుతోంది.

మీరు నిమ్మరసం ఇవ్వడం, కక్కించడం ప్రేమతో చేసిన పనులే. కానీ రెండూ తప్పు. కక్కిస్తే ఒకసారి కాల్చుకుంటూ దిగినది మళ్లీ కాల్చుకుంటూ పైకొస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. పులుపు పోస్తే క్షారం విరిగిపోతుందన్న మాట గ్లాసులో నిజమే, గొంతులో ఆ ప్రయోగం చేయకూడదు. ఆముదం, కోడిగుడ్డు తెల్లసొన కూడా వద్దు. నోట్లో మిగిలిన పౌడర్‌ను తడిగుడ్డతో తుడిచి, నోరు కడిగి, మింగగలిగితే రెండు మూడు గుక్కల నీళ్లు పట్టించి ఆసుపత్రికి బయల్దేరాలి. కంట్లో పడితే 20 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. ఎండోస్కోపీ అవసరమైతే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చేయడం మేలు. ఆ తర్వాత కొన్నాళ్లు లోపలి గోడ మెత్తబడి బలహీనంగా ఉంటుంది. ఇప్పుడు మీ బాబుకు ఏ పరీక్ష చేయాలో, అసలు అవసరమో కాదో అక్కడి డాక్టరే నిర్ణయిస్తారు. ఈలోగా గట్టి ముద్దలు బలవంతంగా కుక్కకండి.

ఆ హార్లిక్స్ సీసా ఇవాళే ఖాళీ చేయండి. అందులో తియ్యటి పొడి ఉంటుందని బాబుకు తెలుసు. వాడి తప్పేముంది? పౌడర్‌ను గట్టి మూత ఉన్న వేరే డబ్బాలో పోసి, పేరు రాసి, పైఅరలో పెట్టి గడియ వేయండి. మళ్లీ ట్యాబ్లెట్లకు మారినా ఇదే జాగ్రత్త. అవి చాక్లెట్లలా కనిపిస్తాయి. కొన్నింటి పైపొర తడి చేతికే కరిగిపోతుంది.

ఇక మీ చేతులు. ఈ పౌడర్ చేత్తో తోమడానికి కాదు. గంజులకు మామూలు సబ్బు వాడండి, లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరు గ్లౌజులు వేసుకోండి. చెయ్యి కడిగిన ప్రతిసారీ తుడిచి వాజిలైన్ రాయండి. షాపులో ఇచ్చిన ట్యూబు పేరు రాయలేదు. ఇలాంటివాటిలో చాలావరకు బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. రాస్తే దురద తగ్గుతుంది, నెలలు వాడితే చర్మం పలచబడుతుంది. అది తామరైతే లోలోపల పాకుతుంది. రెండు వారాల్లో తగ్గకపోతే చర్మ డాక్టర్‌కు చూపించుకోండి.

పొర ఎందుకొచ్చిందంటే, మీరు వాడిన ట్యాబ్లెట్లలో చాలావరకు ఉప్పు (నీటి గట్టిదనాన్ని తగ్గించేది), రిన్స్ ఎయిడ్ (గ్లాసుల మీద నీటి చుక్కలు నిలవకుండా చేసే ద్రవం) చేసే పనికి పదార్థాలు కలిసే ఉంటాయి. పౌడర్‌లో సాధారణంగా ఉండవు. మన బోరు నీళ్లు గట్టివి, సున్నం పేరుకుంటుంది. మిషన్‌లో డిష్‌వాషర్ ఉప్పు విడిగా వేసి, నీటి గట్టిదనం సెట్టింగ్ పెంచండి. గ్లాసు మీద కాస్త వెనిగర్ రుద్దితే పోతే అది సున్నమే, భయం లేదు. తడి వేలికి జారుతూ తగిలితే పౌడర్ మిగిలినట్టు. మోతాదు తగ్గించి, ఫిల్టర్ కడిగి, ఇంకోసారి నీళ్లతో తిప్పండి. ఆ కాస్త పొరకే కిడ్నీలు పాడవుతాయని అనుకోనక్కర్లేదు.

ఫ్లోరైడ్ సంగతి వేరు. అది కంటికి కనిపించదు, రుచి తెలియదు, కాచినా పోదు. మిషన్‌లోని ఉప్పు కూడా దాన్ని తీయదు. తాగేది బోరు నీళ్లే అయితే పరీక్ష చేయించండి, లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి. వీలైతే మిషన్ భగీరథ కుళాయి నీళ్లే తాగండి.

రేపు ఓపీకి వెళ్లేటప్పుడు పౌడర్ ప్యాకెట్ కవరు తీసుకెళ్లండి. పారేసి ఉంటే ఫోన్‌లో మీ ఆర్డర్ తెరిచి, అందులో కలిపినవాటి పేర్లున్న ఫొటో డాక్టర్‌కు చూపించండి. ఎప్పుడు, ఎంత నోట్లో పెట్టుకున్నాడో, ఎన్నిసార్లు కక్కించారో దాచకుండా చెప్పండి. కోడలిని ఎవరూ ఏమీ అనరు.