రక్తపరీక్షతో అండాశయం మెలిపడిందని తెలుస్తుందా?

తెలియదు, ఓవేరియన్ టార్షన్, అంటే అండాశయం మెలిపడటాన్ని ఖాయంగా చెప్పే రక్తపరీక్ష ఇంతవరకు లేదు.

మెలిపడినప్పుడు ముందు సిరల్లో రక్తం ఆగి అండాశయం ఉబ్బుతుంది. తర్వాత ధమనుల రక్తమూ అందక కణజాలం దెబ్బతింటుంది. అప్పుడు రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6, సీఆర్‌పీ (శరీరంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించేవి), డి-డైమర్ (రక్తపు గడ్డ కరిగేటప్పుడు వచ్చేది) వంటివి పెరగవచ్చు. చిక్కేమిటంటే, అపెండిసైటిస్‌లోనూ (అపెండిక్స్ వాపు) ఇన్ఫెక్షన్‌లోనూ ఇవి పెరుగుతాయి. పైగా మెలిపడిన తొలి గంటల్లో మామూలుగానే ఉండొచ్చు.

చెన్నై వేళచ్చేరిలో హాస్టల్లో ఉండే అమ్మాయికి ఉన్నట్టుండి కుడివైపు పొత్తికడుపులో భరించలేని నొప్పి, వాంతులు మొదలయ్యాయనుకోండి. తెల్లకణాలు, సీఆర్‌పీ నార్మల్. అంతమాత్రాన గ్యాస్ నొప్పని ఇంటికి పంపేయకూడదు. గర్భం ఉందేమో తేల్చే బీటా హెచ్‌సీజీ పరీక్ష, రక్తప్రసరణను చూపే డాప్లర్ స్కాన్ వెంటనే చేయాలి. అనుమానం బలంగా ఉంటే ఆలస్యం లేకుండా లాపరోస్కోపీ (చిన్న కోత ద్వారా కెమెరా పంపడం) చేసి కళ్లతో చూడాల్సిందే. అండాశయాన్ని కాపాడుకునే వీలు అక్కడే ఉంది.

"రిపోర్టు నార్మల్, ఇక టెన్షన్ లేదు" అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. డాప్లర్‌లో రక్తప్రసరణ కనిపించినా మెలి ఉండొచ్చు, ఎందుకంటే అండాశయానికి రెండు ధమనుల నుంచి రక్తం అందుతుంది. అలాగే అండాశయ క్యాన్సర్ అనుమానంలో రక్తంలో చూసే సీఏ-125 పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అనీ కాదు, మెలిపడినా అది పెరగవచ్చు.